గొడుగు పాట మొదటి టేపు

“నాలుగింటికి ఇంజనీరుని తీసుకెళ్తాను వదినా. అప్పటిదాకా మీరు ఎవర్ని ఏమడిగినా, ఎన్నిసార్లు అడిగినా నాకేం అభ్యంతరం లేదు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. స్టూడియో వరండాలో గోడ గడియారం ఒంటిగంట పది చూపిస్తోంది.

ఆ ‘ఎన్నిసార్లు’ అన్న మాట డిటెక్టివుకి చురుక్కుమంది. అడిగిందే అడుగుతుందని, ఎదుటి మనిషి విసిగి నిజం కక్కేదాకా వదలదని, ఆవిణ్ణి వెనకాల అందరూ ‘నస మేడం’ అంటారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఇదిగో, ఈ మరిదే. భర్తకి సొంత తమ్ముడు. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో ఈ మహానుభావుడి లెక్కల హోంవర్కు చేసిపెట్టింది ఆవిడే. యూనిఫాం వేసుకుని ఎదురుగా నిలబడితే ఆ సంగతి అతనికి గుర్తుండదు. ఆవిడకి గుర్తుంటుంది గానీ పైకి అనదు.

“నాలుగంటే నాలుగేనా, మూడున్నరకే తీసుకుపోతావా?” అంది.

“నాలుగే.”

“మాట మీద ఉంటావా?”

“వదినా!”

“సరే సరే.”

కేసు చెప్పుకుంటే చిన్నదే. ‘గొడుగు మరిచిన రోజు’ పాట తెలియని ఇల్లు లేదు. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఒక కొత్త గాయకుడు దాన్ని పాడి, ఆ ఒక్క పాటతో పెద్దవాడైపోయాడు. అందులో ‘వానకి’ అన్న మాట దగ్గర గొంతు ఆగుతుంది. వాయిద్యాలూ ఆగుతాయి. సరిగ్గా రెండు క్షణాలు. తర్వాత ‘నేను గుర్తొచ్చాను’ అంటూ పాట మళ్లీ నడుస్తుంది. ఆ కాస్త నిశ్శబ్దం కోసమే జనం ఆ పాట పెట్టుకుంటారు. అది గాయకుడి సొంత ఊహ అని ఆయన పేరుతో వచ్చిన ప్రతి ఇంటర్వ్యూలోనూ ఉంది.

ఇప్పుడు రికార్డు కంపెనీ వాళ్లు ఒక ఆల్బమ్ తలపెట్టారు. పేరు పడ్డ పది పాటలు, వాటికంటే ముందే అవే పాటల్ని పాడి మరుగున పడిపోయిన పది గొంతులు. ఆ వెతుకులాటలో సోమవారం పొద్దున ఈ స్టూడియో స్టోరులో ఒక టేపు బయటపడింది. అదే పాట. అదే ఆగడం. పెట్టె మీద తేదీ చూస్తే గాయకుడి రికార్డింగు కంటే రెండు నెలలు ముందు. పాడింది అప్పట్లో ఇక్కడే ఉత్తరాలు కొట్టిన టైపిస్టు. ఆవిడ ఇప్పుడిక్కడ పనిచేసే సౌండ్ ఇంజనీరుకి స్వయానా పెద్దమ్మ. తల్లి పోతే అతన్ని పెంచి పెద్దచేసింది ఆవిడే.

అక్కడితో ఆగి ఉంటే అందరికీ ఆనందమే. మంగళవారం పదింటికి కంపెనీ తరఫు నిపుణుడు పెట్టె తెరిచి చూస్తే, టేపు వెనక అచ్చయిన గుర్తు పన్నెండేళ్ల కిందట మొదలైన రకానిదని తేలింది. ముప్పై ఒక్క ఏళ్ల నాటి పాట పన్నెండేళ్ల టేపు మీద ఎలా ఉంటుంది? ఎవరో కొత్తగా తయారుచేసి పాత పెట్టెలో పెట్టారన్నమాట. యంత్రాలు తెలిసినవాడు, పెద్దమ్మకి పేరు రావాలని కోరుకునేవాడు ఇక్కడ ఒక్కడే. గాయకుడి మేనేజరు ఆ సాయంత్రానికల్లా ఫిర్యాదు రాసిచ్చాడు. బుధవారం మధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టరు జేబులో అరెస్టు కాయితం సిద్ధంగా ఉంది.

డిటెక్టివు ముందుగా మూడో నంబరు గదిలోకి వెళ్లింది. ఇంజనీరు, పెద్దమ్మ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. అతను నిమిషానికోసారి వాచీ చూసుకుంటున్నాడు. ఆవిడ మాత్రం బస్సు కోసం చూస్తున్నట్టు నింపాదిగా ఉంది.

“సోమవారం టేపు ఎన్నింటికి విన్నారు?”

“పదకొండింటికి మేడం,” అన్నాడు ఇంజనీరు. “ఐదుగురం ఉన్నాం. నేను, పెద్దమ్మ, స్టోర్‌కీపర్ గారు, కంపెనీ ఆయన, గాయకుడి మేనేజరు. పన్నెండూ పదికి పెట్టెలో పెట్టి స్టోర్‌కీపర్ గారికి ఇచ్చేశాను.”

“తర్వాత?”

“పన్నెండున్నర నుంచి ఐదింటిదాకా ఈ గదిలోనే రికార్డింగు. ఆరుగురు వాయిద్యాల వాళ్లున్నారు, అడగండి.”

“మధ్యలో బయటికి వెళ్లావా?”

“లేదు.”

“ఒక్కసారి కూడా?”

“లేదు మేడం.”

“నీళ్లకైనా?”

ఇంజనీరుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. “నన్ను తీసుకెళ్తే తీసుకెళ్లనివ్వండి మేడం. నాలుగు రోజులుంటాను, వస్తాను. పెద్దమ్మని దొంగ అంటున్నారు. ముప్పై ఏళ్లలో ఆవిడ ఒక్కసారి కూడా ఆ పాట నాది అనలేదు. ఇంట్లో రేడియోలో వస్తే లేచి వంటింట్లోకి పోయేది. సోమవారం దాకా నాకే తెలియదు.”

డిటెక్టివు పెద్దమ్మ వైపు తిరిగింది. “ఎందుకు చెప్పలేదు?”

“ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.”

“ఇప్పుడు నేను అడుగుతున్నాను. ఆ రెండు క్షణాలు ఎందుకు ఆగారు?”

“చెప్పను.”

“ఎందుకు ఆగారు?”

“అమ్మా, నువ్వు మూడోసారి అడిగినా నా జవాబు అదే. ఆ ఆగడం వెనక ఏదో గొప్ప భావం ఉందని జనం మురిసిపోతున్నారు. మురిసిపోనీ. అసలు సంగతి చెప్పి ఆ పాట గాలి తీయడం నాకిష్టం లేదు.” పెద్దమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంది. “వీణ్ణి మాత్రం జైలుకి పోనివ్వకు. ఆ ఒక్కటీ చెయ్యి. పేరూ గీరూ నాకక్కర్లేదు.”

మూడోసారి అడగకుండా డిటెక్టివు బయటికి వచ్చేసింది. ఆవిడ వృత్తిలో అలా జరగడం అదే మొదలు.

రెండుంపావుకి స్టోరులో అడుగుపెట్టింది. పొడుగాటి గది. నేల నుంచి కప్పు దాకా అరలు, అరల నిండా చదరపు అట్టపెట్టెలు. మూల ఒక బల్ల మీద పాత టేపు యంత్రాలు రెండు పక్కపక్కన. స్టోర్‌కీపరు డెబ్భై దాటిన మనిషి, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. నలభై ఏళ్లుగా ఆ గదికి తాళం వేసేదీ తీసేదీ ఆయనే. యంత్రాల జోలికి పోవద్దని పొద్దున ఇన్‌స్పెక్టరు ఆయనకీ ఇంజనీరుకీ హుకుం వేశాడు. అందుకని ఆయన మొహం కందగడ్డలా ఉంది.

“బాబాయ్ గారూ, సోమవారం టేపు మీ చేతికి వచ్చాక ఏం చేశారు?”

“అరలో పెట్టాను.”

“ఎలా పెట్టారు?”

“ఎలా ఏమిటమ్మా? చేత్తో పెట్టాను.”

“పెట్టెలో టేపు ఎలా ఉంది?”

“గుండ్రంగా ఉంది!”

“అది కాదు. ఎలా చుట్టి ఉంది?”

విసుగుతో స్టోర్‌కీపరు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. “నలభై ఏళ్లుగా ఎలా ఉంటుందో అలాగే ఉంది. చివర బయటికి! పాట అయిపోయాక కుడివైపు చక్రం మీద ఎలా చేరిందో అలాగే తీసి పెడతాం. వెనక్కి చుట్టం. మళ్లీ వినాల్సినప్పుడు, వినబోయే ముందు వెనక్కి చుట్టుకుంటాం. ఈ గదిలో అది దేవుడి మాట.”

“ఎందుకలా?”

“టేపు పొరలు ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి అంటుకుని పడుకుంటాయి కదా. ఒక పొరలో గొంతు పక్క పొరకి సన్నగా అంటుతుంది. మొదలు బయటికి పెడితే ఆ నీడ పాటకంటే ముందే వినిపిస్తుంది, దొంగ ముందే దగ్గినట్టు. చివర బయటికి పెడితే పాట వెనకాల పడి కలిసిపోతుంది, ఎవరికీ తెలియదు. ఇదిగో చూడు, ప్రతి పెట్టె మీదా చీటీ అంటిస్తాను.”

నిజమే. ఏ పెట్టె చూసినా ఆయన గుండ్రటి రాతలో ‘చివర బయట’ అని ఉంది. గొడుగు పాట పెట్టె మీదా ఉంది.

“సోమవారం ఇంజనీరు కూడా వెనక్కి చుట్టకుండానే ఇచ్చాడా?”

“వాడికి పని నేర్పింది నేను. చుట్టాడంటే చెయ్యి విరగ్గొడతాను.”

“మీ కళ్లతో చూశారా?”

“చూశానమ్మా, చూశాను, చూశాను! మూడుసార్లూ ఒకేసారి చెప్పేశాను, ఇక అడక్కు.”

డిటెక్టివుకి నవ్వొచ్చింది. గది చుట్టూ మరోసారి తిరిగింది. వాడని ఖాళీ టేపుల అర ఒకటి తలుపు పక్కనే ఉంది. అన్నిటి మీదా వేలు పెడితే గుర్తు పడేంత దుమ్ము. ఒక్కచోట మాత్రం పెట్టెంత చదరం శుభ్రంగా మెరుస్తోంది. పక్కనున్న ఖాళీ టేపు తీసి వెనక గుర్తు చూసింది. నిపుణుడు రాసిన రకమే. నకలు తయారు కావడానికి సరుకు బయటి నుంచి రాలేదు, ఈ గదిలోనే దొరికింది.

“సోమవారం ఈ గది తాళం మీ చేయి దాటిందా?”

స్టోర్‌కీపరు కాసేపు నసిగాడు. “ఒంటిగంట నుంచి ఒకటీ నలభై దాకా భోజనం. తాళంచెవి ఆ మేకుకి తగిలించి వెళ్తాను. నలభై ఏళ్లుగా అంతే. ఎవరు తీస్తారు? ఐదింటికి మాత్రం తాళం వేసి గేటు దగ్గర ఇచ్చేస్తాను, పొద్దున వాళ్ల దగ్గరే సంతకం పెట్టి తీసుకుంటాను.”

“మీరు భోజనానికి వెళ్తుంటే వరండాలో ఎవరున్నారు?”

“ఎవరూ లేరు. ఆ మేనేజరు గారు ఫోన్లో మాట్లాడుకుంటూ తిరుగుతున్నారు, అంతే.”

‘అంతే’ అనేసి ఆయన అలమర తుడుచుకోవడంలో పడ్డాడు. డిటెక్టివు మాత్రం అక్కడే నిలబడిపోయింది. పాట నిడివి నాలుగు నిమిషాల ఇరవై క్షణాలు. రెండు యంత్రాలు పక్కపక్కన. ఒకదాంట్లో అసలు, ఒకదాంట్లో ఖాళీ. నలభై నిమిషాల్లో తెలిసినవాడు ఐదారు నకళ్లు తీయొచ్చు.

రెండూ యాభైకి వరండాలో మరిదిని పట్టుకుంది.

“నిపుణుడి రిపోర్టు చూపించు.”

“అది పోలీసు కాయితం వదినా.”

“చదివి వినిపించు అయితే. టేపు ఎక్కించిన చోటు దగ్గర్నుంచి.”

ఇన్‌స్పెక్టరు గొణుక్కుంటూ మడత విప్పాడు. “‘పెట్టెలోంచి తీసిన టేపును నేరుగా యంత్రానికి ఎక్కించగా పాట మొదటి నుంచి సవ్యంగా వినిపించింది.’ ఇందులో ఏముంది?”

“ఇంకోసారి చదువు.”

“వదినా...”

“‘నేరుగా’ అన్నాడా లేదా?”

“అన్నాడు.”

“వెనక్కి చుట్టి అనలేదు కదా?”

“అనలేదు. అయితే?”

“సోమవారం పన్నెండూ పదికి టేపు చివర బయటికి ఉంది. అలాగే ఉండి ఉంటే మంగళవారం నేరుగా ఎక్కించగానే పాట చివర్నుంచి వెనక్కి వినపడాలి. సవ్యంగా వినపడిందంటే మొదలు బయటికి ఉంది. మధ్యలో ఎవరో పెట్టె తెరిచారు. అసలు తీసేసి, నకలు పెట్టి, మర్యాదగా వెనక్కి చుట్టి మరీ పోయారు.”

ఇన్‌స్పెక్టరు మీసం దువ్వుకున్నాడు. కోపం వస్తే అతను చేసేపని అది. “చుట్టింది ఇంజనీరే కావచ్చు కదా. కంగారులో.”

“పన్నెండున్నర నుంచి ఐదు దాకా ఆరుగురి మధ్య ఉన్నాడు. ఐదు తర్వాత స్టోరుకి తాళం, తాళంచెవి గేటు దగ్గర. మిగిలింది ఒంటిగంటకీ ఒకటీ నలభైకీ మధ్య. ఆ టైములో అతను మైకులు సర్దుతున్నాడు.”

“ముసలాయన సాక్ష్యం ఒక్కటీ పట్టుకుని...”

“ఆయన సాక్ష్యం కాదు. చేతి అలవాటు. నువ్వు చిన్నప్పుడు లెక్క చేసి కింద రెండు గీతలు గీసేవాడివి, గుర్తుందా? తప్పు లెక్కకి కూడా గీసేవాడివి. ఇప్పుడీ కాయితం కింద సంతకం పెట్టి ఏం గీశావు?”

అతను చూసుకున్నాడు. రెండు గీతలు. మొహం ఎర్రబడింది.

“మీకు నామీద కక్ష వదినా. అన్నయ్యతో చెప్తాను.”

“చెప్పు. ముందు మేనేజర్ని పిలిపించు. అరెస్టు చూడటానికి ఎలాగూ వస్తానన్నాడుగా.”

“ఆయనకేం పని? యంత్రాలు తెలియని మనిషి.”

“తెలుసో లేదో నాకూ తెలియదు. పిలిపించు.”

మేనేజరు మూడూ ఇరవైకి వచ్చాడు. అరవై దగ్గర పడ్డ మనిషి, నలగని చొక్కా, ప్రతి మాటా అచ్చు వేసినంత స్పష్టంగా పలికే గొంతు. ఈలోపు ఇంజనీరునీ పెద్దమ్మనీ కూడా స్టోరులోకి పిలిపించారు; అక్కడ అందర్నీ చూసి ముందు కాస్త తగ్గాడు. డిటెక్టివు ఎదురెళ్లి కుర్చీ వేసింది.

“మీతో పనేం లేదండీ. నాలుగింటికి ఎలాగూ తీసుకెళ్తారు. ఈలోపు ఆ టైపిస్టు అప్పట్లో పాడిన వేరే పాట ఏదో ఉందట, గొంతు పోల్చి చూద్దామని నా ఆశ. తీరా యంత్రం ముట్టుకోవద్దని మా మరిది వీళ్లిద్దరికీ ఆంక్ష పెట్టాడు. నాకేమో టీవీ రిమోటే సరిగ్గా రాదు.”

“దానికేం భాగ్యం,” అన్నాడు మేనేజరు. నకిలీ బయటపడిందన్న ధీమా, ఆడమనిషి సాయం అడిగిందన్న సంబరం రెండూ ఆ మాటలో ఉన్నాయి. “నేను వినిపిస్తాను. ఒకప్పుడు వీటితోనే బతికాను.”

స్టోర్‌కీపరు ఒక పెట్టె తీసి ఇచ్చాడు. మేనేజరు టేపుని వెలుతురులో తిప్పి చూసి, ముందు వెనక్కి చుట్టి, పట్టు జారకుండా చకచకా ఎక్కించాడు. పిల్లల పాట ఒకటి వచ్చింది. పడుచు గొంతు, అల్లరిగా, హాయిగా. గోడ పక్క బెంచీ మీద పెద్దమ్మ ఎటో చూస్తోంది. ఇంజనీరు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

పాట అయిపోయింది. టేపు మొత్తం కుడివైపు చక్రం మీద చేరింది. డిటెక్టివు అతని చేతులనే చూస్తోంది. ఇక్కడ ఇతను అలాగే తీసి పెట్టెలో పెట్టేస్తే తన లెక్క తప్పినట్టే, నాలుగింటికి ఇంజనీరు జీపెక్కినట్టే.

మేనేజరు చెయ్యి దానంతటది కదిలింది. మీట నొక్కాడు. టేపు సర్రున ఎడమ చక్రం మీదికి వెనక్కి తిరిగింది. చివరి వరస దాకా చుట్టి, కొసని వేలితో నిమిరి అణిచి, పెట్టెలో పెట్టి, మూత వేసి, నీటుగా స్టోర్‌కీపరు చేతికి అందించాడు.

స్టోర్‌కీపరు ఆ పెట్టెని పాముని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. “వెనక్కి చుట్టావేమిటయ్యా?”

“చుట్టకపోతే ఎలా? తర్వాత డ్యూటీకి వచ్చినవాడు ఎక్కించగానే మోగాలి. క్షణం ఆలస్యమైతే ఊరంతా నిశ్శబ్దం వింటుంది. పదేళ్లు రేడియోలో...”

వాక్యం సగంలో ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు ముఖంలో రంగు మారడం అతనికి అప్పుడు కనబడింది. ఇక్కడెవరూ చెయ్యని పనిని తాను అందరి ముందూ చేశానని కూడా అప్పుడే అర్థమైంది.

“సోమవారం ఒంటిగంటకి కూడా ఇలాగే చుట్టారా?” అంది డిటెక్టివు. గొంతు చాలా మెత్తగా ఉంది.

“ఏమిటి మీరనేది?”

“సోమవారం ఒంటిగంటకి?”

“నేను వరండాలో ఫోన్లో...”

“ఎవరితో? ఎన్ని నిమిషాలు? ఫోన్లో అంతా ఉంటుంది, మా మరిది చూస్తాడు. సోమవారం ఒంటిగంటకి ఈ గదిలోకి వచ్చారా?”

ఇన్‌స్పెక్టరు ఒక్క అడుగు ముందుకు వేసి చెయ్యి చాచాడు. ఏ మాటకామాటే, అతనిలో ఒక మంచి గుణం ఉంది. తప్పని తెలిశాక పట్టిన పట్టు ఠక్కున వదిలేస్తాడు. “ఫోనివ్వండి,” అన్నాడు.

మేనేజరు ఇవ్వలేదు. కుర్చీలో కూలబడ్డాడు. నలగని చొక్కా ఒక్క నిమిషంలో నలిగినట్టయింది.

“సార్‌కి ఏమీ తెలియదు,” అన్నాడు. “ఇరవై ఆరేళ్లుగా ఇంటర్వ్యూలు రాసిచ్చేది నేను. ఆ రెండు క్షణాలు సార్ సొంత ఊహ అని మొదట రాసిందీ నేనే. బాగుందని జనం మెచ్చుకున్నారు. ప్రతిసారీ అదే రాశాను. సార్ ఔననలేదు, కాదనలేదు. సోమవారం ఈ టేపు వినగానే నా కాళ్ల కింద నేల కదిలింది. రేపు లోకమంతా ఆయన్ని దొంగ అంటుంది. ఆ అబద్ధం రాసింది మాత్రం నేను.”

“అందుకని ఏ పాపం తెలియని ఇతన్ని దొంగని చేశారు,” అంది డిటెక్టివు. “అసలు టేపు ఎక్కడ? కాల్చేశారా?”

పెద్దమ్మ మొదటిసారి తల తిప్పి సూటిగా చూసింది. పేరూ గీరూ అక్కర్లేదన్న మనిషి, పమిట కొంగు పిడికిట్లో నలిపేస్తోంది.

“లేదు,” అన్నాడు మేనేజరు. “కాల్చలేకపోయాను. రేడియో మనిషినమ్మా నేను. బయటికి తీసుకుపోదామంటే గేటు దగ్గర సంచులు తీసి చూస్తారు, చీటీ లేకుండా టేపు దాటదు. ఇక్కడే ఉంది. ఎవరూ ముట్టుకోని పెట్టెలో పెట్టాను. సార్ పాట పెట్టెలో.”

స్టోర్‌కీపరు డెబ్భై ఏళ్లవాడిలా కాదు, ఇరవై ఏళ్లవాడిలా నిచ్చెన ఎక్కాడు. పై అరలోంచి తెచ్చిన పెట్టెలో ఒకదాని మీద ఒకటి ఇరికించిన రెండు టేపులున్నాయి. పై దాని వెనక గుర్తు చూసి, “ఈ కంపెనీ మూతబడే పాతికేళ్లయింది,” అన్నాడు. అని బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడిపోయాడు. కళ్లజోడు తడిసింది.

“మరిదీ, ఆంక్ష తీసెయ్యి,” అంది డిటెక్టివు.

“తీసేశాను, తీసేశాను. కానివ్వండి.”

ఇంజనీరు టేపు ఎక్కించాడు. ముప్పై ఒక్క ఏళ్ల నాటి ఆడగొంతు గదిలోకి వచ్చింది. ‘గొడుగు మరిచిన రోజు, వానకి...’ ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో ‘టిక్’ మని చిన్న చప్పుడు. ‘నేను గుర్తొచ్చాను.’ ఇన్‌స్పెక్టరు జేబులోంచి అరెస్టు కాయితం తీసి, రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చించాడు. ఇంజనీరు బల్ల మీద తల వాల్చి ఏడ్చేశాడు. పెద్దమ్మ అతని వీపు మీద చెయ్యి వేసి, “ఒరే పిచ్చీ, యంత్రం మీద నీళ్లు పడతాయి, లే,” అంది. డిటెక్టివుకి పొద్దుటి నుంచి భుజాల మీద ఉన్న బరువేదో దిగిపోయింది. ఆకలి కూడా అప్పుడే తెలిసింది.

గడియారం నాలుగుకి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. కథ అక్కడితో అయిపోవాలి. స్టోర్‌కీపరు ఊరుకుంటేగా!

“రెండోది సార్ టేపో కాదో చూడనీ. ఏది ఏ పెట్టెలోదో తేల్చకుండా చీటీ అంటించను,” అని పట్టుబట్టాడు.

ఇంజనీరు రెండో టేపు ఎక్కించి వెనక్కి చుట్టాడు. చివర బయటికి ఉన్న టేపు కనక మొత్తం చుట్టక తప్పదు. చుట్టడం ఆగాక మీట నొక్కితే పాట రాలేదు. కుర్చీ లాగిన చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు.

“ఇదేమిటి?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“పాటకి ముందు మైకు ఊరికే తెరిచి ఉన్నప్పటిది సార్,” అన్నాడు ఇంజనీరు. “కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు పాట మొదలైన చోటు నుంచే తీసుకున్నారు. ఈ ముక్క ఇన్నేళ్లలో ఎవరూ విని ఉండరు.”

స్పీకర్లోంచి ఒక కుర్ర గొంతు వచ్చింది. ఇంకా పేరు పడని, ఇంకా బెరుకు తీరని గొంతు. అయినా అందరూ పోల్చుకున్నారు.

‘అక్కా, పియానో మెట్టు బాగుచేయించారటగా. ఇక ఇరుక్కోదట. పైకి లేచేదాకా నీలా ఆగక్కర్లేదు, గబగబా పాడెయ్యమంటున్నారు.’

‘అయితే పాడెయ్యి,’ అంది పెద్దమ్మ గొంతు. నవ్వుతోంది.

‘ఊహూ. నేను ఆగుతాను. నువ్వు ఆగిన చోటే పాట నాకు నచ్చింది. ఎవరడిగినా ఇది మా అక్క పాడింది, నేను దాన్ని పట్టుకుని పాడానని చెప్తాను. ఒట్టు.’

‘ఒట్లు తర్వాత. ముందు శ్రుతి చూసుకో. కంగారు పడితే నీకు శ్రుతి పోతుంది.’

డిటెక్టివు పెద్దమ్మని చూసింది. ఒక బిగుసుకున్న మెట్టు! పియానో వాయించేవాడు గోటితో దాన్ని ‘టిక్’ మని పైకి లేపేదాకా ఒక టైపిస్టు ఓపిగ్గా ఆగింది. దానికి ఇన్నేళ్లుగా ఎంతమంది ఎన్ని అర్థాలు చెప్పారో! పెద్దమ్మ మొహంలో కోపం లేదు. ‘ఇక దాచి ఏం లాభం’ అన్నట్టు చేతులు తిప్పింది.

“సార్‌కి నిజంగా తెలియదో లేదో నేను కనుక్కుంటాను,” అంటూ ఇన్‌స్పెక్టరు మేనేజరు ఫోన్లోనే గాయకుడి నంబరు నొక్కి, అందరికీ వినపడేలా పెట్టాడు. అవతల ఎత్తగానే, “పోలీసు...” అనబోయాడు.

“నువ్వేమీ చెప్పకు మరిదీ,” అంది డిటెక్టివు. “వినిపించు.”

ఇంజనీరు టేపు మళ్లీ మొదటికి తిప్పాడు. ఇన్‌స్పెక్టరు ఫోను స్పీకరు దగ్గర పెట్టాడు. కుర్రవాడు అక్కా అన్నాడు, ఆగుతానన్నాడు, ఒట్టు వేశాడు.

“ఆ టేపు ఎక్కడ దొరికింది?” అంది ఫోన్లోంచి ఒక పెద్ద వయసు గొంతు. అంతలోనే, “అక్క... అక్కడ ఉందా?”

పెద్దమ్మ లేచి వచ్చి ఫోను అందుకుంది. “ఉన్నాను.”

“చెప్తానన్నాను. చెప్పలేదు. ఎవరో నాదని రాశారు. బాగుందనిపించి ఊరుకున్నానక్కా. రాసినవాడి తప్పు కాదు, ఊరుకున్నవాడిదే.”

“అవును, నీదే,” అంది పెద్దమ్మ. “నువ్వు ఊరుకున్నందుకు ఇవాళ నా బిడ్డ జైలుకి పోబోయాడు. రేపు పదింటికి ఇక్కడికి రా. పేపరువాళ్లని పిలిచి నువ్వే చెప్పు. ఆ ఆల్బమ్‌లో ముందు నా పాట, తర్వాత నీది. ఇంకొకటి, ఏడవకుండా చెప్పు. ఏడిస్తే నీకు శ్రుతి పోతుంది.”

అప్పటికే పోయింది.